తప్పు దిద్దుటలో ధర్మమెంత?

ఒకరి మాటలోనో వ్రాతలోనో తప్పు కనబడినపుడు దానిని దిద్దుట ధర్మమా, చూచి ఊరకుండుట ధర్మమా? వినుటకు ఇది చిన్న ప్రశ్న. ఉపాధ్యాయునికైతే ఇది ప్రశ్నయే కాదని పెక్కురు తలంతురు. తప్పు దిద్దుటకే గదా అతనికి జీతమిచ్చుచున్నారు! నేనును చాలకాలము అట్లే తలచితిని. తెలుగు పండిత శిక్షణ ముగించి ఉద్యోగమున చేరిన క్రొత్తలో నా జేబులో రెండు కలములుండెడివి. నీలిసిరా కలముకంటె ఎఱ్ఱసిరా కలమే ముందుగా ఖాళీ యగుచుండెడిది. ఆ సంగతిని తోడి ఉపాధ్యాయులకు గొప్పగా చెప్పుకొనెడివాడను కూడ.

అప్పుడు నేను పనిచేసిన ఊరు జహీరాబాదు ప్రాంతమున, బీదరు సరిహద్దునకు చేరువలోనిది. చెఱకు పండించు ఊరు. మన సమాజమువారి ఇండ్లు అచట ఎక్కువ. ఇంట కన్నడము, బడిలో తెలుగు, బజారులో ఉర్దూ కలిసిన మాట. అచటి పిల్లలు "పాలు" అని వ్రాయవలసినచోట "హాలు" అని వ్రాయుదురు. తలకట్టు కన్నడపు తీరున పెట్టుదురు. మన పకారము కన్నడమున హకారమైన వైనము భాషాశాస్త్రము చదివినవానికి ముచ్చట గొలుపును గాని, నలువది పుస్తకములు ముందు పెట్టుకొని కూర్చున్నవానికి విసుగే పుట్టించును.

ఒకనాడు మూడవ తరగతి చదువు పిల్ల యొకతె తన అన్నకు సెలవు కావలెనని చీటి తెచ్చెను. అన్న నా తరగతివాడు. చీటి వ్రాసినది తండ్రి. 1990వ దశకపు తొలి యేండ్లలో ఊరూర నడచిన అక్షరాస్యతోద్యమమున రాత్రిబడికి పోయి, నలువది యేండ్ల వయసున అక్షరములు నేర్చిన రైతు ఆయన. "ధయచేసి" అని మొదలుపెట్టి, కుమారునికి "జరము" వచ్చినదనియు, "సేలవు" ఇప్పించవలెననియు అయిదు పంక్తులు వ్రాసి, క్రింద వంకర టింకరగా సంతకము చేసెను. నేను ఏడు తప్పులకు ఏడు సున్నలు చుట్టి, ప్రక్కన ఒప్పులు వ్రాసి, ఆ చీటిని ఆ పిల్లచేతనే ఇంటికి తిప్పి పంపితిని. నాకు దురుద్దేశము లేదు. నేర్చుకొనువానికి సాయపడితిననియే సంతోషించితిని.

పిల్లవాడు పదునొకండు దినములకు బడికి వచ్చెను. వచ్చినది టైఫాయిడు జ్వరమని అప్పుడు తెలిసినది. మఱుసటి నెలలో ఆ ఇంటినుండి మఱియొక చీటి వచ్చెను. ఈ మాఱు వ్రాత ఆ చిన్నపిల్లది. సంతకముండవలసినచోట వేలిముద్ర యున్నది. దాని క్రింద "ఇది మా నాయన వేలిముద్ర" అని గుండ్రని అక్షరములు. అందులో ఒక్క తప్పును లేదు.

ఆ వేలిముద్రను నేను ఇప్పటికిని మఱువలేదు. రెండేండ్లు రాత్రులు లాంతరు ముందు కూర్చుండి సంపాదించుకొన్న సంతకమును ఆయన విడిచిపెట్టెను. దానిని విడిపించినది నా ఎఱ్ఱసిరా. ఎచట తప్పితినని ఆలోచింపగా మొదట తోచినది ఇది: ఆ చీటి నాకు వ్రాసినది దిద్దుమని కాదు, బిడ్డకు జ్వరము వచ్చినదని చెప్పుటకు. అక్షరములను చూచి జ్వరమును చూడలేదు నేను. ఏమి జ్వరము, వైద్యునికి చూపితిరా, ఎట్లున్నాడు అని ఒక్కమాట యడిగినవాడను కాను. ఒక మనుష్యుడు మాట్లాడినపుడు మనము మొదట ఋణపడునది అతడు చెప్పిన సంగతికి. ఆ ఋణము తీర్పక అతని ఉచ్చారణకో వర్ణక్రమమునకో బదులు చెప్పుట, దాహమని వచ్చినవాని చెంబు సొట్టపోయినదని చెప్పి పంపివేయుట వంటిది.

రెండవది ఇంకను చేదైనది. అదే సంవత్సరము పైనుండి వచ్చిన యొక ఉత్తరువులో "విధ్యార్థులు" అని యుండెను. దానికి నేను సున్న చుట్టలేదు. చదివి, వ్రాలు చేసి, దస్త్రమున కూర్చితిని. నిజముగా భాషాశుద్ధియే నా పట్టుదల యైనచో ఆ రెండు కాగితములకును ఒకే న్యాయము జరుగవలసియుండెను. నీరు పల్లమెఱుగునందురు. సిరాయును పల్లము నెఱుగునని ఆ యేడు తెలిసికొంటిని.

ఇక ఆ "ధయచేసి" యను మాట నొక్కసారి చూడుడు. చిన్నయసూరి బాలవ్యాకరణము ఆరంభముననే సంస్కృతమునకు ఏబది, ప్రాకృతమునకు నలువది, తెనుగునకు ముప్పదియాఱు వర్ణములని లెక్క చెప్పినాడు. తెనుగు లెక్కలో తగ్గిన వర్ణములలో మహాప్రాణములు ముఖ్యమైనవి. అనగా ఖ, ఘ, ధ, భ వంటివి అచ్చతెనుగు పలుకులకు పుట్టుకతో వచ్చినవి కావు. సంస్కృతపదముల వెంట వచ్చినవి. పొలములో పనిచేయువాని చెవికి దకార ధకారముల భేదము తల్లి నేర్పినది కాదు, బడి నేర్పవలసినది. బడికి పోలేనివాడు ఏమి చేయును? పెద్దల వ్రాతలలో ఒత్తులు కనబడును గావున, ఒత్తు మర్యాదగల అక్షరమని తలచును. ఆ రైతు "దయ"కు ఒత్తు పెట్టినది అజ్ఞానముచేత మాత్రమే కాదు, నాయందలి గౌరవముచేత. ఇంటికి వచ్చిన అతిథికి విస్తరిలో ఒక వడ్డన ఎక్కువ వేసినట్లు ఉపాధ్యాయునికి వ్రాయు చీటిలో ఒక ఒత్తు ఎక్కువ పెట్టెను. నేను దానికే మొదటి సున్న చుట్టితిని. "భాధ" యని, "విధ్య" యని వ్రాయువారిని చూచి నవ్వువారు ఈ సంగతి కొంచెము తలపోయవలెను. నిర్లక్ష్యము వలన పుట్టు తప్పులు వేఱు, జాగ్రత్త ఎక్కువై పుట్టు తప్పులు వేఱు. పుస్తకము దిద్దునపుడు రెండును ఒకటే. మనిషితో మాటలాడునపుడు ఒకటి కావు.

ఈ చీటి తరువాత నేను రెండవ అంచునకు పోయితిని. బడి వెలుపల ఎవరి తప్పును పలుకరాదని నియమము పెట్టుకొంటిని. అది వినయమని అనుకొంటిని. కొన్ని యేండ్లకు తెలిసిన కుటుంబమున ఒక పెద్దాయన లింగైక్యము చెందెను. సమాధిపై నాటించు శిలకు వ్రాసిన చిత్తును ఆయన కుమారుడు నాకు చూపెను. అందు "లింగైఖ్యము" అని యున్నది. సంఖ్య, ముఖ్యము, వ్యాఖ్య యను మాటల సావాసముచేత ఐక్యమునకు ఒత్తు అంటుకొనుట మనలో తఱచు జరుగునదే. ఏకమునుండి పుట్టినది ఐక్యము. అందు ఒత్తునకు చోటు లేదు. నా కన్ను దానిని పట్టెను. నోరు పలుకలేదు. దుఃఖములో నున్న ఇంట అక్షరము మాట ఎత్తుట మొఱటుతనమనిపించెను. "బాగున్నది" అంటిని. అయిదాఱు వారములకు శిల వచ్చెను. రెండేండ్లకు మనుమరాలు కళాశాలనుండి వచ్చి తాతగారి గద్దెకు మ్రొక్కి, ఆ మాట చదివి, "నాన్నా, ఇది తప్పు గదా" అనెనట. ఆ కుమారుడు నా యింటికి వచ్చి కోపపడలేదు. "మీకు చూపితిని గదా, మాస్టరుగారూ" అని మాత్రము అనెను.

చిత్తును నా చేతికిచ్చుటలోనే ఆయన నాకు అధికారము నిచ్చెను. అడిగినవానికి చెప్పకపోవుట వినయము కాదు. నా మర్యాదను నేను కాపాడుకొనుట. రాతిపై చెక్కబోవు అక్షరమునకును, సెలవు చీటిలోని అక్షరమునకును భేదము లేదా? ఒకటి నాలుగు దినములలో చిత్తుకాగితమగును. మఱియొకటి మన తరువాతను నిలుచును, చదివినవారు ఆ కుటుంబమును చూచి నవ్వుదురు. చీటి దగ్గఱ నేను మాటలాడితిని, శిల దగ్గఱ ఊరకుంటిని. రెండుచోట్లను తాఱుమాఱు చేసితిని.

మన సమాజమునకు ఈ సంగతి పరాయిది కాదు. పాలకురికి సోమనాథుని ద్విపద బసవపురాణమును పద్యకావ్యముగా తిరిగి వ్రాసిన పిడుపర్తి సోమనాథుడు ఒక కథ చెప్పినాడు. ప్రతాపరుద్రుడు ఓరుగల్లున శివాలయమునకు వచ్చినపుడు ఒక ప్రక్క భక్తులు గుమిగూడి బసవపురాణము వినుచుండిరట. అదేమని రాజు అడిగెను. ప్రక్కనున్న పండితుడొకడు, సోముడు ఈ మధ్య మధ్యవళ్లు పెట్టి అల్లిన ద్విపద యది, ప్రమాణము కాదు అని చెప్పెను. రాజు వినకయే వెడలిపోయెను. మధ్యవళ్లనగా ప్రాసయతి యని విద్వాంసులు వివరింతురు. ఆటవెలదికి, తేటగీతికి, సీసమునకు ప్రాసయతి చెల్లునని నేటి ఉన్నత పాఠశాల విద్యార్థియు నెఱుగును. ఒక పద్యమున ఒప్పైనది ఇంకొకదానియందు తప్పని ఎంచి, ఆ తప్పు పేరిట ఒక పురాణమునే ప్రభువు చెవి సోకకుండ చేసిరి. ఆ పండితుడు చెప్పినది లక్షణశాస్త్రమున నిజమే కావచ్చును. కాని రాజు అడిగినది అక్కడ ఏమి చదువుచున్నారని. యతి ఎట్లున్నదని కాదు. నా సెలవు చీటి కథయు ఇదియు ఒకటే యని నాకు తోచును. సోమనాథుని ముందు నా రైతును నిలుపుట సాహసమందురేమో, అననిండు.

తప్పన్నది కాలముతో కదలుచుండుటయు మనము చూచినదే. మా గురువుల బడిలో అరసున్న విడిచినచో మార్కు పోయెడిది. శకటరేఫము మఱచినచో బెత్తము పలికెడిది. నేటి పాఠ్యపుస్తకములలో అరసున్న లేదు, శకటరేఫము లేదు. నేను ఇంకను ఱకారము వ్రాయుచున్నాను. అది అలవాటే గాని అధికారము కాదు. వాడుకభాష కొఱకు పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) వ్యాకరణము రానివారు కారు. గ్రాంథికమే వ్రాయవలెనని పట్టుబట్టిన పండితుల గ్రాంథికములోనే తప్పులు వెదకి, ఉదాహరణములతో గద్యచింతామణిలో చూపినారు. ఆ దిద్దుబాటు ఎవరిని సిగ్గుపఱచినదో చూడుడు: బడిపిల్లలను సిగ్గుపఱచుచున్నవారిని. ఆయన నేడుండి ఈ వ్యాసము చదివినచో ఎన్ని సున్నలు చుట్టునో యని నాకు కొంచెము భయమే.

బసవన్న తాళమానములు, అమృతగణ దేవగణ భేదములు తా నెఱుగననియు, తనకు ప్రీతియైన తీరున పాడుదుననియు ఒక వచనమున చెప్పుకొన్నాడు. బిజ్జలుని భండారము లెక్కలు చూచినవానికి గణములు లెక్కించుట రాకపోయెనా? గణములు రానివారు అనుభవ మంటపమున నోరు విప్పుటకు వెనుదీయకుండుటకే ఆ మాట యనెనని నా ఊహ. మడివాళ మాచయ్య బట్టలుదుకువాడు, అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. మొదటి వచనమునకే ఎవరైన ఎఱ్ఱసిరా పట్టుకొని ఎదుట కూర్చుండినచో, రెండవ వచనము మనకు దక్కియుండునా?

అట్లని ఆ శరణులు ఒకరినొకరు దిద్దలేదని కాదు. ఆయ్దక్కి మారయ్య బసవన్న వాకిట రాలిన బియ్యము ఏఱి తెచ్చు కాయకము చేసెడివాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ ఊరకుండలేదు. ఎక్కువైనది అచటనే పోసి రమ్మని తిప్పి పంపెను. దిద్దుట యన్న అది. కాని నలుగురిలో కాదు, ఇంట చెప్పెను. ఆ బియ్యముతో వండు గంజి తానును త్రాగవలసినదే గావున, భర్త తప్పులో తన పాలున్నదని ఎఱిగి చెప్పెను. లోకపు వంకరలు దిద్దుటకు ముందు నీ తనువును, నీ మనసును చక్కబెట్టుకొమ్మన్న బసవన్న వచనమును మనలో కొందఱు డాలువలె అడ్డము పెట్టుకొందురు. ఏ తప్పు చూపినను "మీరు మొదట దిద్దుకొనుడు" అని దానినే చదువుదురు. ఆ వచనము చెప్పువాని కొఱకు చెప్పినది గాని, వినువాడు తప్పించుకొనుటకు చెప్పినది కాదు. లక్కమ్మ మాటకు మారయ్య దానిని అప్పగింపక, మూట ఎత్తుకొని వెనుకకు నడచెను.

ఇప్పుడు నేను ఎట్లు చేయుచున్నానో చెప్పెదను. ఇదే సరియని కాదు. తరగతిలో పిల్లవాడు "హాలు త్రాగి వచ్చితిని" అనినచో, "పాలు త్రాగితివా, మంచిది" అందును. వాని చెవి పని అది చేసికొనును. పుస్తకములలో ఒక వారము ఒత్తులే దిద్దుదును, ఇంకొక వారము శ ష స లు. అన్నియు ఒకేసారి దిద్దిన పుట యుద్ధభూమివలె నుండును. పిల్లవాడు దానిని తెఱవక మూసిపెట్టును. మఠమునుండి కరపత్రమో, పెండ్లివారినుండి శుభలేఖయో అచ్చునకు పోకముందు నా యొద్దకు వచ్చినచో జాలి చూపను. కామాతో సహా దిద్ది ఇత్తును. అచ్చైన పిమ్మట చూపినచో సంగతి చదివి, వివాహమునకు పోయి అక్షతలు వేసి వత్తును. వేదికపై వక్త తప్పు పలికినచో తల వంచుకొని విందును. ఈ ఒక్కదానియందు మాత్రము నా మనసు ఇంకను నిలువలేదు. పిల్లలు వినుచుండగా స్వాములవారి ప్రక్కన కూర్చున్న పెద్దలు "అర్థము"ను పదే పదే "అర్ధము" చేసినపుడు, సగము మాత్రమే బోధపడినదని చెప్పుచున్నారేమో యని పెదవి కొఱుకుకొందును. సభ ముగిసిన పిదప ఏకాంతమున ఒకరికి చెప్పి చూచితిని. ఆయన కృతజ్ఞత తెలిపి, మఱుసటి సభలోను అట్లే పలికెను.

ఆ రైతును పదునాలుగు సంవత్సరముల పిదప తిరిగి చూచితిని. నాడు జ్వరము వచ్చిన పిల్లవానికి పెండ్లి. ఆయన స్వయముగా నేనుండు ఊరికి వచ్చి, నాలుగుగా మడిచిన కాగితము నా చేతిలో పెట్టి, "అచ్చుకిచ్చే ముందు మీరొకసారి చూడాలె సార్" అనెను. శుభలేఖ చిత్తు. వ్రాత కుమార్తెది. వాకిట చాప వేసి కూర్చుండబెట్టి, మొదట వియ్యపువారిది ఏ ఊరని, పిల్లవాడు ఏమి చేయుచున్నాడని, చెఱకు ధర ఎట్లున్నదని అడిగితిని. ఆనాటి చీటి మాట ఎత్తి క్షమింపుమని అడుగవలెనని నాలుక చివరకు వచ్చినది. ఆయనకు అది జ్ఞప్తియందున్నదో లేదోయని సందేహించి ఆగితిని. ఆ పిమ్మట కాగితము విప్పి చదివితిని. నాలుగు తప్పులున్నవి. జేబులోనుండి పెన్సిలు తీసి, సున్నలు చుట్టకుండ, ఒక్కొక్క మాటపైన ఒప్పు సన్నగా వ్రాసితిని.

ఆయన నా చేతివైపే చూచుచుండెను. అంతయు ముగిసిన తరువాత కాగితము మడిచి జేబున పెట్టుకొనుచు, "ఎర్రపెన్ను తేలేదా సార్?" అని అడిగెను.